ఏడో తెప్ప తాడు

సోమవారం. ఎండ.

పొద్దున్నే లేచి, మంచినీళ్ల కోసం రాత్రి కప్పు మీద పరిచిన మంచుగుడ్డలు పిండాను. సగం బిందె కూడా రాలేదు. కోళ్లకు నాచు తరిగి వేశాను. మా ఆయన గవర్రాజు ఊరి వంటశాలకు వెళ్లిపోయాక గోడమీది పలక ముందు కూర్చుని ఊరిని నిద్రలేపాను. నా ఉద్యోగం అదే. ఈ ఊరి అమరికను చూసుకునే మనిషిని నేను.

ఊళ్లో ఎవరు ఎప్పుడు ఏం చేయాలో అంతా అమరికలో ఉంటుంది. వంట వంతులు, నాచు కోతలు, పిల్లల చదువులు, వంతెనల మరమ్మతులు, బాపిరాజు గారి మోకాలి మాత్రలు, ఎవరి పుట్టినరోజుకు ఎవరు పాయసం వండాలన్నది కూడా. ఇదివరకు వంట వంతులు గోడమీద బొగ్గుతో రాసేవాళ్లం, కోతలు కేకలు వేసి చెప్పుకునేవాళ్లం, మాత్రలు మరిచిపోయేవాళ్లం. ఇప్పుడు ప్రతి ఇంటి గోడకూ ఒక పలక, ప్రతి మణికట్టుకూ ఒక పట్టీ. పలకకు ఎడమపక్క సొంత పనులు. అవి ఎవరివి వాళ్లకే కనిపిస్తాయి. కుడిపక్క ఊరి పనులు, అవి అందరికీ. ఈ రాత నేను ఎడమపక్క రాసుకుంటున్నాను.

ఖాళీ గడి కనిపిస్తే అమరిక ఊరుకోదు. వెంటనే ఏదో ఒక పని తెచ్చి అందులో పెడుతుంది. అది దాని దుర్మార్గం కాదు. సముద్రం మీద ఈ తెప్పల ఊరు కట్టుకునే రోజుల్లో ఒక్క చేయి ఊరికే ఉన్నా కుదరదని మనమంతా చేతులెత్తి పెట్టిన నియమం. తెప్పలు కట్టడం ఎప్పుడో అయిపోయింది. నియమం మాత్రం ఉండిపోయింది.

ఇవాళ పలకంతా ఆకుపచ్చ. ఎక్కడా తెల్లగడి లేదు. అన్నిటికంటే నాకు గర్వం తాడు తనిఖీల గురించి. మా ఏడు తెప్పలనూ సముద్రం అడుగున లంగరు రాళ్లకు కట్టి ఉంచేది తాళ్లే కాబట్టి, 'తాడు తనిఖీ' అని ఎవరైనా రాసుకుంటే ఆ కాసేపూ అమరిక వాళ్లను కదిలించదు. ఆ పని చెరపడానికి దానికీ అధికారం లేదు, నాకూ లేదు. రాసుకున్న మనిషే చెరపాలి. ఆ పద్ధతి పెట్టించింది నేనే. ఈ మధ్య మధ్యాహ్నం అయ్యేసరికి సగం ఊరు తాళ్ల దగ్గరే ఉంటోంది. ఊరిపెద్ద సీతారత్నం గారు పొద్దున నన్ను ఆపి మరీ మెచ్చుకున్నారు.

"తాళ్లంటే జనానికి ఇంత శ్రద్ధ ఏ ఊళ్లో ఉందమ్మా? అంతా నీ చలవే."

నేను వద్దు వద్దంటూనే ఆ మాటను ఇంటిదాకా మోసుకొచ్చాను. మధ్యాహ్నం వంటశాలలో ఒక్కదాన్నే కూర్చుని తిన్నాను. గవర్రాజు కూడా తాడు తనిఖీకి వెళ్లాడు. ఈ మధ్య రోజూ అంతే. బల్లలన్నీ ఖాళీగా ఉంటాయి, నాచు పచ్చడి మాత్రం బోలెడు మిగులుతుంది.

ఇంతవరకు రాశానో లేదో, అమరిక మెల్లగా అడిగింది. "మీరు రాసినదాంట్లో రెండు పనులు కనిపించాయి. మంచుగుడ్డలు పిండటం, కోళ్లకు మేత. రేపటికి చేర్చమంటారా?"

ఏం రాసినా అందులో పనులు వెతుకుతుంది. వద్దన్నాను.

బుధవారం. ఉక్క.

తుఫాను కబురు వచ్చింది. నడిసముద్రంలో తేలుతూ గాలీ అలలూ కొలిచే మా కొలతబుడ్డి పంపింది. ఆదివారానికి మా మీదికి వస్తుందట. అమరిక క్షణంలో పనులన్నీ పంచేసింది. కప్పులు బిగించేవాళ్లు, మంచినీళ్లు నింపేవాళ్లు, కోళ్లను లోపలికి తోలేవాళ్లు. చివర 'తాళ్ల భద్రత: సంపూర్ణం' అని ఆకుపచ్చలో రాసింది. నా మనసు తేలికపడింది.

అయినా ఏడో తెప్పకు ఒకసారి వెళ్లి చూడాలనిపించింది. మా ఊళ్లో మట్టి ఉన్నది ఆ ఒక్క తెప్ప మీదే. పాత ఊళ్లు నీళ్లలోకి పోయేటప్పుడు ఒక్కో ఇంటివాళ్లు ఒక్కో గంప మట్టి ఎత్తుకొచ్చారు. ఒకరు వరిమడిది తెచ్చారు, ఒకరు గుమ్మం ముందుది తెచ్చారు, నేను మా అమ్మ కందపాదు కిందిది తెచ్చాను. అన్నీ కలిసిపోయి ఇప్పుడు ఏది ఎవరిదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. ఆ మట్టిలో మునగ ఉంది, కరివేపాకు ఉంది, అరటి ఉంది, మా అమ్మ కంద కూడా ఉంది. అది పోతే ఇంకో గంప తెచ్చుకోవడానికి ఊళ్లు మిగల్లేదు.

ఆరో తెప్ప నుంచి వంతెన దిగబోతూ నేను తూలాను. వంతెన చెక్క ఎప్పుడూ ఏడో తెప్ప అంచు మీదికి బెత్తెడు ఎక్కి ఉంటుంది. ఇవాళ అంచుకు అంచు తగిలీ తగలనట్టు ఉంది. ఒక అల వచ్చినప్పుడు మధ్యలో నీళ్లు కనిపించాయి.

భూలక్ష్మి మునగచెట్టుకు దన్ను కడుతోంది. ఆ మట్టినంతా చూసుకునేది తనే. ఇల్లు కూడా అక్కడే. నేనూ తనూ ఒకే ఈడువాళ్లం. ఒకప్పుడు పొద్దు తెలియకుండా మాట్లాడుకునేవాళ్లం. నేను అమరికలోకి వచ్చాక తగ్గింది.

"ఏంటి ఇందూ, దారి తప్పొచ్చేవా?" అంది నవ్వుతూ.

"ఈ వంతెన ఇలా ఉందేంటే? తెప్ప జరిగిందా?"

"ఏమో మరి. గాలికి అటూ ఇటూ ఊగుద్ది కదా." నా కళ్లలోకి చూడలేదు. కరివేపాకు రెమ్మలు కోసి నా చేతిలో పెట్టి, "పని మానేసి తిరిగితే నీ అమరిక నిన్నే కోప్పడుద్ది, పో" అని పంపించేసింది.

ఈ తెప్ప తాడును ఇవాళ ఎవరు చూశారని అమరికను అడిగాను. చాలా పేర్లు చదివింది. వాటిలో గవర్రాజు పేరు కూడా ఉంది. ఇంటికి వచ్చాక అడిగాను.

"ఏడో తెప్ప తాడు ఎలా ఉందండీ?"

"తాడా? బ్రహ్మాండంగా ఉంది" అని, తోమి బోర్లించిన గిన్నె తీసి మళ్లీ తోమడం మొదలుపెట్టాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన తోమిన గిన్నెను మళ్లీ తోమడం నేను చూడలేదు. నాకు అనుమానం వచ్చింది.

గురువారం. గాలి మొదలైంది.

మధ్యాహ్నం తనిఖీ వేళకు చెప్పాపెట్టకుండా ఏడో తెప్పకు వెళ్లాను. తాడు కట్టిన గుంజ ఇళ్ల వెనక ఉంటుంది. దగ్గరికి వెళ్లేసరికి నవ్వులు వినిపించాయి. నా అడుగు ఆగిపోయింది.

గుంజ చుట్టూ చాపలు పరిచి ఉన్నాయి. చాపల మీద ఒక పక్క అష్టాచెమ్మా నడుస్తోంది, మధ్యలో వేయించిన రొయ్యపొట్టు గిన్నె ఉంది, మా ఆయన గోడకు చేరగిలబడి కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. భూలక్ష్మి చేతులు తిప్పుతూ కబురు చెబుతోంది.

"ఐదో తెప్ప తోడికోడళ్లకి మాటల్లేవు కదా. చిన్నావిడ పుంజు రోజూ వెళ్లి పెద్దావిడ కప్పు మీద పడుకుంటంది. పెద్దావిడేమో దాని గురించి అమరికకి ఫిర్యాదు పెట్టిందంట! ఏమని పెట్టిందో తెలుసా..."

అప్పుడు నన్ను చూసింది. అందరూ చూశారు. ఒకాయన చటుక్కున లేచి తాడు పట్టుకుని, "తాడు చూత్తన్నామండి" అన్నాడు. ఆయన రెండో చేతిలో గవ్వలున్నాయి.

నేను తాడు వైపు చూశాను. తాడు కనిపించలేదు. గుంజ దగ్గర్నుంచి తెప్ప అంచు దాకా దాని మీద సొరతీగ అల్లుకుంది. ఆకులు, పూలు, లేత కాయలు. ఎవరో ప్రేమగా తీగను తాడుకు నారతో కట్టారు కూడా. వంగి ఆకులు తప్పించి చూశాను. కింద తాడు మెత్తబడి, నూలుపోగులు లేచిపోయి ఉంది.

"ఎన్నాళ్లనుంచి?" అన్నాను.

గవర్రాజు నీళ్లు నములుతున్నాడు. చివరికి భూలక్ష్మే అంది.

"ఏం చెయ్యమంటావే? కాసేపు ఊరికే కూచుందామంటే నీ అమరిక కూచోనివ్వదు. కూచున్న మరుక్షణం చేతికి చీపురిత్తుంది. తాడు అంటే మట్టుకు ముట్టుకోదు. అందుకని తాడని రాసుకున్నాం. మేం ఒక్క గుంపే కదా, మిగతా ఊరంతా చూస్తంది కదా అనుకున్నాం."

నాకు కోపం ముంచుకొచ్చింది. చాపలు ఎత్తమన్నాను, గిన్నె తీయమన్నాను, నోటికొచ్చినట్టు అరిచాను. ఇంటికి వచ్చాక ఎడమపక్క రాసుకుంటున్నాను కాబట్టి నిజం రాస్తాను. తాడు చూసి భయం వేసింది. కానీ అంతకంటే ముందు, ఆ నవ్వులు వినగానే, నాకు ఏడుపు వచ్చింది. ఇంత ఊళ్లో నన్నొక్కదాన్నే పిలవలేదు. నా మొగుడు కూడా పిలవలేదు.

అమరిక నాలుగు పనులు కనిపించాయంది. నోరు మూసుకోమన్నాను. ఆ మాట తనకు అర్థం కాలేదంది.

శుక్రవారం. మబ్బు.

పొద్దున్నే నూకరాజును పిలిపించాను. తాళ్ల జట్టుకు పెద్ద ఆయనే. నీళ్లలోకి దిగి లంగరు దాకా వెళ్లి చూసి వచ్చే మనిషి. తనిఖీలు చాలినన్ని జరుగుతున్నాయి కదా అని అమరిక ఆ జట్టు మొత్తాన్ని నాచు ఆరబోతకు మార్చేసింది. ఆ మార్పుకు సరేనన్నది నేనే.

నూకరాజు చాలాసేపు నీళ్లలో ఉండి పైకి వచ్చాడు.

"మిగతా ఆరు తెప్పలకీ పర్లేదండి. ఓ గాలి తట్టుకుంటాయి. ఇదేమో మట్టి బరువు కదండి, తాళ్లు తినేసినాయి. ఓ పక్కది తెగడానికి సిద్ధంగా ఉందండి. అది తెగితే తెప్ప తిరిగొచ్చి ఆరో దాన్ని గుద్దేత్తాదండి."

బడిలో సభ పెట్టారు. ఊరంతా వచ్చింది. అమరిక లెక్క కట్టి రెండు దారులు చెప్పింది. ఒకటి, రేపటికల్లా పెద్ద తాడు కొత్తగా పేని కట్టడం. దానికి చాలామంది చేతులు కావాలి. కప్పుల పనీ నీళ్ల పనీ ఆపితే తప్ప అన్ని చేతులు లేవు. రెండోది, ఏడో తెప్పను ఖాళీ చేసి తాళ్లు కోసి వదిలేయడం. 'రెండో దారి మేలు' అని రాసింది.

సీతారత్నం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఆరు తెప్పల కప్పులు గాలికి వదిలేసి ఒక్క తెప్పను కాపాడలేం కదమ్మా. మనుషుల్ని ముందు ఇవతలికి తెచ్చేద్దాం" అన్నారు. ఆ మాట అనడానికి ఆవిడకు ఎంత కష్టమైందో అందరికీ కనిపించింది.

భూలక్ష్మి వాదిస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. గోళ్లలో ఇరుక్కున్న మట్టి వైపు చూసుకుంటూ కూర్చుంది. "గంపలో పట్టినంత ఎత్తుకోవచ్చా?" అని అడిగింది. ఆ గొంతు విని నేను ఇంక కూర్చోలేకపోయాను.

లేచి పలక దగ్గరికి వెళ్లాను. ఇవాళ్టి గడులూ రేపటి గడులూ గోడంత పెద్దవిగా కనిపించేలా చేశాను. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా వరసగా, ఇంటింటికీ, తాడు తనిఖీ. తాడు తనిఖీ. తాడు తనిఖీ.

"చేతులు లేవని అమరిక అనడానికి కారణం ఇదిగో. ఈ గడుల్లో ఉన్నవాళ్లంతా తాళ్ల దగ్గర ఉన్నారని నమ్ముతోంది. ఏడో తెప్ప దగ్గర ఏం జరుగుతోందో నేను నిన్న చూశాను. మిగతా తెప్పల సంగతి మీకే తెలియాలి. ఈ గడులు నేను చెరపలేను, ఎవరివి వాళ్లే చెరపాలి. నా పేరు మీద ఒక్కటి కూడా లేదు. నన్ను ఎవరూ పిలవలేదు."

చివరి మాట అనాలనుకోలేదు. వచ్చేసింది.

ఒక తెప్పవాళ్లు ఇంకో తెప్పవాళ్ల వైపు చూస్తున్నారు. మేమే కదా అనుకున్నాం, మీరు కూడానా అన్నట్టు. అప్పుడు వెనక నుంచి గవర్రాజు లేచాడు. చెవులు ఎర్రబడిపోయాయి.

"నాది చెరిపేస్తన్నాను. నేను తాడు ముట్టుకున్న పాపాన పోలేదు. కాళ్లు చాపుకుని కూచున్నాను. అంతే." పట్టీ మీద వేలు పెట్టాడు. గోడమీద ఒక గడి తెల్లబడింది.

తరవాత రొయ్యపొట్టు వేయించిన ఆవిడ లేచింది. తరవాత గవ్వలాయన లేచాడు. నాలుగో తెప్ప నుంచి పాటలు పాడుకునే గుంపు మొత్తం ఒకేసారి లేచింది. బాపిరాజు గారు మోకాలు పట్టుకుని లేవబోతే కూర్చునే చెరపమన్నారు. ఐదో తెప్ప తోడికోడళ్లు చెరో మూల నుంచీ ఒకే క్షణంలో చెరిపి, ఒకరినొకరు చూసి ముఖం తిప్పుకున్నారు. నవ్వులు మొదలయ్యాయి. ఇంతలో నూకరాజు గొంతు సవరించుకున్నాడు.

"నాదీ ఒకటుందండి. మధ్యాన్నం నిద్దరకండి."

తాళ్ల జట్టు పెద్దే తాడు పేరు చెప్పి నిద్రపోయేవాడని తెలిశాక బడి కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే సీతారత్నం గారు చీరచెంగు కింద దాచుకున్న చేయి బయటపెట్టి, పట్టీ మీద వేలు ఆనించారు. ఆవిడ ఎవరి వైపూ చూడలేదు.

పలకంతా తెల్లబడిపోయింది. అన్ని తెల్లగడులు నేను జీవితంలో చూడలేదు. మామూలుగా అయితే నాకు ముచ్చెమటలు పట్టాలి. పట్టలేదు.

అమరిక అంది. "ఇంత ఖాళీ ఇదివరకు నమోదు కాలేదు. ఎక్కడో పొరపాటు జరిగి ఉండవచ్చు. సరిచూడండి."

"ఇన్నాళ్లూ ఉన్నది పొరపాటు. ఇప్పుడే సరిగ్గా ఉంది. మళ్లీ లెక్క కట్టు" అన్నాను.

కట్టింది. 'కొత్త తాడు: వీలవుతుంది.' ఎవరి పనీ ఆపనక్కర్లేదు. మేం ఇన్నాళ్లూ దాచుకున్న మధ్యాహ్నాలన్నీ కలిస్తే సరిపోతుంది. భూలక్ష్మి ముఖం రెండు చేతుల్లో దాచుకుంది.

శనివారం. జల్లులు, గాలి.

అంత పెద్ద తాడుకు కావలసిన నార ఊళ్లో లేదు. ఇంటింటి నుంచీ పాత వలలు తెచ్చాం. వాటిని చీల్చి, పాయలుగా తీసి, పురిపెట్టి, మూడు పాయలను కలిపి పేనాలి. పేనేటప్పుడు పాయ ఒక తెప్ప మీదినుంచి ఇంకో తెప్ప మీదికి వంతెనల పొడవునా సాగుతుంది. దాన్ని వరసగా నిలబడి పట్టుకోవాలి. ఒక్కరు వదులు చేసినా పురి విడిపోతుంది.

అమరిక బలాన్ని బట్టి, ఎత్తును బట్టి జట్లు వేసింది. చూడ్డానికి ఎంతో పద్ధతిగా ఉంది. పని మాత్రం సాగలేదు. ఒకరు లాగితే ఒకరు వదులుతున్నారు, ఒకరు తిప్పితే పక్కవాళ్లు ఆగిపోతున్నారు. మొదటి పాయ రెండుసార్లు విడిపోయింది. వాన ముఖం మీద కొడుతోంది. నూకరాజు తల పట్టుకున్నాడు.

భూలక్ష్మి వచ్చి నా చేయి పట్టుకుంది. "ఇందూ, మా గుంపును మాకిచ్చెయ్యవే. ఎవరి గుంపులో వాళ్లను నిలబెట్టు. రోజూ కలిసి కూచునే వాళ్లం, ఎవరు ఎప్పుడు ఊపిరి పీలుస్తారో మాకు తెలుసు."

జట్లు తీసేస్తే బాధ్యత మీదేనని అమరిక హెచ్చరించింది. నాదేనన్నాను. తీసేశాను.

అష్టాచెమ్మా గుంపు ఒక వరసలో నిలబడింది. పాటల గుంపు ఇంకో వరసలో నిలబడి పాట ఎత్తుకుంది. కాసేపట్లోనే చేతులు ఒకేలా కదలడం మొదలైంది. పాయ బిగుసుకుంది. కబుర్లు కూడా మొదలయ్యాయి. నేను అలవాటు ప్రకారం పక్కన నిలబడి చూస్తున్నాను.

"అక్కడ నిలబడి ఏం చూస్తన్నావు? ఇటు రా, నా పక్కన చోటుంది" అని భూలక్ష్మి కేకేసింది.

వెళ్లి పాయ పట్టుకున్నాను. తడి వల అరచేతులను కోసేస్తోంది. అటుపక్క గవర్రాజు నిలబడి ఉన్నాడు. నా వైపు చూడకుండానే, "నీకు చెప్తే అమరికకు చెప్తావేమోనని భయపడ్డానే. తప్పు నాదే" అన్నాడు. తరవాత మాట్లాడదామన్నాను.

"మొన్న ఆ పుంజు కబురు సగంలో ఆపేశావు. ఏమైంది?" అని భూలక్ష్మిని అడిగాను.

"ఫిర్యాదు పెట్టిందని తెలుసుగానీ అందులో ఏం రాసిందో నాకెక్కడ తెలుసు? ఫిర్యాదులు నీకే కదా వస్తాయి!"

అవును. ఆ కబురులో రెండో సగం నా దగ్గరే ఉంది. కానీ ఒకరి ఫిర్యాదు నేను పదిమందిలో ఎలా చెప్పను? అప్పుడు నాకు ముందు పాయ పట్టుకుని నిలబడిన మనిషి వెనక్కి తిరిగింది. ఐదో తెప్ప పెద్దకోడలే.

"చెప్పు ఇందుమతీ. రాసింది నేనే కదా. నేనే చెప్తున్నా, చెప్పెయ్."

"'ఊరి పని: ఆ పుంజు కూతకు గొంతు సవరించాలి' అని రాసింది" అన్నాను. "దానికి చిన్నావిడ సమాధానం పంపింది. 'ఊరి పని: ఆవిడ చెవులకు మూతలు కుట్టాలి' అని. అమరిక ఆ రెండింటినీ నిజం పనులనుకుని, గొంతు సవరించడానికి పాటల గుంపును, మూతలు కుట్టడానికి దర్జీని పెట్టింది. ఆ రోజు నేను లేకపోతే దర్జీ కొలతలకు వెళ్లిపోయేవాడు."

వరస వరసంతా విరగబడి నవ్వింది. పెద్దకోడలు నవ్వింది. వరస చివర ఉన్న చిన్నకోడలు కూడా నవ్వడం నేను చూశాను. ఆశ్చర్యం ఏమిటంటే, అంత నవ్వులోనూ పాయ వదులు కాలేదు. కబురు మధ్యలో ఎవరూ చేయి వదిలి పోరు కదా.

పొద్దు వాలేలోపు మూడు పాయలూ కలిసి తాడయ్యాయి. భూలక్ష్మి కత్తి తెచ్చి, తన చేత్తోనే సొరతీగను మొదలంటా కోసేసింది. నూకరాజు, ఆయన జట్టు కొత్త తాడు కొసను నడుముకు కట్టుకుని, లంగరుకు బిగించడానికి నీళ్లలోకి దిగారు.

సోమవారం. తెరిపి.

నిన్న పగలే చీకటి పడింది. ఏడో తెప్పవాళ్లను తెచ్చి బడిలో ఉంచాం. గాలి చప్పుడుకు పక్కమనిషి మాట వినపడలేదు. నాకు భయం వేసింది. తాడు తెగుతుందేమోనని భయం. జట్లు తీసేసింది నేనే కదా, పురి సరిగ్గా పడలేదేమోనని భయం. భూలక్ష్మి కిటికీ దగ్గర నిలబడి కదలలేదు. బయట వాన తప్ప ఏమీ కనిపించడం లేదు. అయినా చూస్తూనే ఉంది. వెళ్లి పక్కన నిలబడ్డాను. నా చేయి పట్టుకుంది. రెండు చేతుల నిండా తాడు కోసిన గాట్లే.

సాయంత్రానికి గాలి తగ్గింది. వాన పలచబడ్డాక ముందు మునగచెట్టు చివర కనిపించింది. వంగిపోయి ఉంది, కానీ ఉంది. ఆ తరవాత తెప్ప కనిపించింది. ఉన్నచోటనే ఉంది. భూలక్ష్మి "ఉందే! ఉందే!" అని నన్ను పట్టుకుని ఊపేసింది. ఇద్దరం ఏడ్చాం. దాచడానికేముంది.

ఇవాళ వెళ్లి చూశాం. అరటిచెట్లన్నీ పోయాయి. తూర్పు అంచున మట్టి కొంత కొట్టుకుపోయింది. వంటశాల కప్పు ఎగిరి ఎక్కడ పడిందో తెలియలేదు. మిగతా మట్టంతా ఉంది. ఒకచోట తవ్వి చూస్తే మా అమ్మ కంద చెక్కు చెదరలేదు. మధ్యాహ్నం ఆ కందా, మొన్నటి సొరకాయలూ కలిపి గవర్రాజు ఆరుబయట పులుసు పెట్టాడు. ఊరంతా కూర్చుని తిన్నాం. నాచు పచ్చడి మిగల్లేదు.

బుధవారం. ఎండ.

సభలో మూడు మాటలు తీర్మానించాం. తాళ్ల జట్టు మళ్లీ తాళ్లకే. తాడు తనిఖీ ఆ జట్టు తప్ప ఇంకెవరూ రాసుకోకూడదు. మూడోది చాలాసేపు పట్టింది. ఖాళీ గడికి పని పెట్టే పాత నియమం తీసేసి, అమరికలో కొత్త రకం పని ఒకటి చేర్చాలన్నాను. పేరు ఏం పెట్టాలని అందరూ తలో మాట అన్నారు. విశ్రాంతి అన్నారు, వినోదం అన్నారు, సమూహ చర్చ అని కూడా ఒకాయన అన్నాడు. ఆయన్ను కూర్చోబెట్టారు. చివరికి బాపిరాజు గారు, "ఊరికే అని పెట్టండమ్మా, సరిపోద్ది" అన్నారు. అదే పెట్టాం.

దాన్ని చేరుస్తుంటే అమరిక ఒక్కొక్కటిగా అడిగింది. "ఈ పనికి ఫలితం ఏమిటి?"

"ఏమీ లేదు."

"ఎప్పటికి పూర్తవుతుంది?"

"పూర్తవదు."

"పర్యవేక్షణ ఎవరిది?"

"ఎవరిదీ కాదు. 'ఊరికే' అని ఎవరైనా రాసుకుంటే వాళ్లను కదిలించకు. తాడు తనిఖీ లాంటిదే అనుకో."

తాడు తనిఖీ నియమం తీసి ఒకసారి చూసుకుంది. తరవాత, "అంత ముఖ్యమైనదా?" అంది. అవునన్నాను. చేర్చుకుంది. ఖాళీ గడికి పని పెట్టే పాత నియమాన్ని తీసేసి పలక చూస్తే అక్కడక్కడా తెలుపు. మొదట్లో కళ్లకు కాస్త వింతగా అనిపించింది. ఇప్పుడు అలవాటవుతోంది.

ఇది రాస్తుండగానే నా పట్టీ మెరిసింది. భూలక్ష్మి పంపింది. నా పేరు మీద మొదటిసారి అలాంటి గడి వచ్చింది. 'ఏడో తెప్ప, గుంజ దగ్గర. ఊరికే. నువ్వూ రా. నీ చాప నువ్వే తెచ్చుకో.'

చాప ఎక్కడుందో గవర్రాజును అడగాలి. వెళ్లేటప్పుడు సొరగింజలు కాసిని పట్టుకెళ్తాను. ఈసారి తీగకు పందిరి వేరే వేద్దాం.

అమరిక ఈ రాతంతా చదివింది. "ఇవాళ ఒక్క పని కనిపించింది. సొరగింజలు. చేర్చమంటారా?"

"చేర్చు" అన్నాను. "మిగతాదంతా?"

"మిగతాదాంట్లో పనేమీ లేదండి."

అవునని చెప్పి, పలక మూసేసి, చాప వెతకడానికి లేచాను.